డౌలా, మంత్రసాని: రెండు మాటలు, ఒకే పని

గ్రీకులో డౌలా అంటే దాసి. 1973లో డేనా రాఫెల్ ఆ మాటని కొత్త తల్లికి తోడుండే స్త్రీ అన్న అర్థంలో వాడింది. దాసి అన్న మాట అక్కడ గౌరవం సంపాదించుకుంది. ఇక్కడ మంత్రసానికి ఆ అదృష్టం లేదు. తెలంగాణ పల్లెల్లో పురుడు పోసిన మంగలి, మాదిగ స్త్రీల నేర్పు 'మోటు'గానే మిగిలింది. నడుం నిమిరి ధైర్యం చెప్పే అదే పని నగరంలో ఫీజు ఉన్న వృత్తయింది. మన కథల్లోనూ ఆమె చాలాసార్లు వేడినీళ్ళడిగి, కబురు చెప్పి తప్పుకునే పాత్రే.

పాత పురిటిగదిని ఆకాశానికెత్తనక్కర్లేదు. రక్తస్రావంతో, ధనుర్వాతంతో ఎందరో పోయారక్కడ. ఆసుపత్రి ప్రాణాలు కాపాడింది, కానీ తోడుని గుమ్మం బయట నిలబెట్టింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, ప్రైవేటులో 81.5 శాతం. నొప్పుల వేళ విడవని తోడుంటే కోతలు తగ్గుతాయని పరిశోధనలు చెప్తున్నాయి. తల్లి కోరిన మనిషి పక్కనుండాలని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థా అన్నది.

గద్వాల నేత ఇంటి కోడలికి, వనపర్తి వలస కూలికి, నాగర్‌కర్నూలు నల్లమలలోని చెంచు తల్లికి ఆ తోడు ఎవరు? డౌలాని ఆహ్వానిద్దాం. ముందు మంత్రసానికి ఆమె పనిని ఆమె పేరుతో తిరిగిచ్చి, ఆమె కంటితో కాన్పుని చదువుదాం.