మెడలో బ్లాక్: కోతకు ముందు అడగాల్సినవి

మెడ స్కానింగ్ రిపోర్టుతో ఓపీకి వచ్చినవాళ్లు కూర్చోకముందే అంటారు: "డాక్టరుగారూ, డెబ్బై పర్సెంట్ బ్లాకంట!" మెదడుకు రక్తం మోసే మెడ నాళం అంతమేర సన్నబడిందని అర్థం. నేను కాగితం పక్కన పెట్టి అడుగుతాను. ఈమధ్య ఎప్పుడైనా ఒక చెయ్యి పట్టు తప్పిందా? మాట తడబడిందా? ఒక కంటికి తెర దిగినట్టు కాసేపు చూపు పోయిందా? పావుగంటలో సర్దుకుందని ఇంట్లో కూడా చెప్పని సంగతులు అప్పుడు బయటికొస్తాయి. ఆపరేషన్ కావాలా వద్దా అన్నది సగం అక్కడే తేలిపోతుంది.

పక్షవాతానికి ముందు అలాంటి హెచ్చరిక వచ్చినవాళ్ల లెక్క 1991లోనే తేలింది. ఉత్తర అమెరికాలో జరిగిన నాసెట్ అధ్యయనంలో, నాళం 70 శాతానికి పైగా సన్నబడినవాళ్లలో మందులతోనే ఉన్నవారికి రెండేళ్లలో నూటికి 26 మందికి ఆ నాళం వైపు మెదడు దెబ్బతిని పక్షవాతం వచ్చింది. ఆపరేషన్ అయినవారిలో 9 మందికే. ఈ లాభం హెచ్చరిక వచ్చిన రెండు వారాల్లోపు చేస్తేనే నిండుగా దక్కుతుంది. మూఢం వెళ్లనివ్వండి, అబ్బాయి అమెరికా నుంచి రానివ్వండి అంటుంటే నాకు గుండె దడ పుడుతుంది.

ఏ లక్షణమూ లేకుండా హెల్త్ చెకప్‌లో బ్లాక్ బయటపడ్డవాళ్ల సంగతి వేరు. 1995 నాటి అమెరికా అధ్యయనంలో ఆపరేషన్‌తో అయిదేళ్లలో పక్షవాతం ప్రమాదం నూటికి 11 నుంచి 5కి తగ్గింది. అంటే వందమందికి కోస్తే మేలు జరిగింది ఆరుగురికి. అప్పట్లో కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ల వాడకం ఇంతగా లేదు. 2025లో వెలువడిన క్రెస్ట్-2 అధ్యయనంలో మందులు గట్టిగా వాడినవాళ్లతో పోలిస్తే కోతకు స్పష్టమైన అదనపు లాభం కనబడలేదు, నాళాన్ని లోపలి నుంచి తెరిచి ఉంచే స్టెంటుకు కొంత కనబడింది. నూటికి నూరుశాతం మూసుకుపోయిన నాళాన్నైతే మామూలుగా ముట్టుకోరు. మనవాళ్లలో ఇంకో చిక్కుంది: పుర్రె లోపలి నాళాలు సన్నబడటం ఎక్కువ. అందుకే మెడ ఒక్కటే చూసి నిర్ణయించను.

ఆపరేషన్‌లో మెడ నాళంలో రక్తాన్ని కాసేపు ఆపి, గోడకు పేరుకున్న కొవ్వును ఒలిచి తీస్తారు. కొన్నిచోట్ల మెడకు మాత్రమే మత్తిచ్చి, రోగి రెండో వైపు చేతిలో పిండితే కీచుమనే రబ్బరు బొమ్మ పెడతారు. పిండమన్నప్పుడు చప్పుడు రాలేదంటే మెదడుకు రక్తం చాలడం లేదని అర్థం. వెంటనే చిన్న గొట్టం వేసి రక్తాన్ని మళ్లిస్తారు. ఏ పక్షవాతాన్ని తప్పించడానికి బల్లెక్కామో అదే బల్లమీద రావచ్చు.

కాబట్టి సర్జన్‌ని అడగండి: "మీ చేతిలో నూటికి ఎంతమందికి పక్షవాతమో ప్రాణహానో జరిగింది?" లక్షణాలున్నవాళ్లలో అది 6 దాటకూడదు, లేనివాళ్లలో 3 దాటకూడదు. దేవుడిలాంటి డాక్టరును లెక్కలడగడమా అని జంకుతారు. తన పని మీద గౌరవమున్న సర్జన్ నొచ్చుకోడు.

లక్షణాలు లేనివాళ్లకు ప్రమాదం ఈ వారమే, లాభం ఏళ్ల తర్వాత. ఎనభై దగ్గరపడి, గుండె నీరసించిన పెద్దాయనకు ఆ బేరం చెయ్యమని నేను చెప్పలేను. ఆయనకు బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ మందులు రాసి, చుట్ట మానమని చేతులు పట్టుకుని అడుగుతాను.