నూనె డబ్బాపై అంకెలు: ఒక విమర్శ

2016లో కొత్త జిల్లాలు ఏర్పడుటకు పూర్వమున్న నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో మోటారుసైకిలు నేడు విలాసవస్తువు కాదు. రైతు ఎరువు బస్తాను, పాలవాడు పాలక్యానులను, ఉపాధ్యాయుడు తన్ను తాను దాని మీదనే చేరవేసికొనుచున్నారు. బండి ఆగినచో ఆ దినపు బ్రదుకుతెరువే ఆగును. ఇట్టి బండి ఇంజనులో ఉండు నూనె ఒక లీటరుకు అటు ఇటు మాత్రమే. ఈ కొద్దిపాటి నూనెను ఎన్నుకొనుటలో మనకు మువ్వురు సలహాదారులు గలరు. మొదటివాడు షెడ్డులోని మెకానిక్కు. రెండవది డబ్బాపై ముద్రించిన అంకె. మూడవది మనము తరగతిలో చెప్పు స్నిగ్ధత పాఠము. ఈ మువ్వురి మాటలలో శాస్త్రమెంత, అలవాటెంత అని విమర్శించి చూచుట ఈ వ్యాసపు ఉద్దేశము.

మొదట మెకానిక్కు మాట. “మన దిక్కు ఎండలు ఎక్కువ సారూ, పల్చటి ఆయిల్ నీళ్లయితది, ఇరవై-యాభై పోద్దాం” అనునది మిర్యాలగూడలోను, జడ్చర్లలోను, అచ్చంపేటలోను వినవచ్చు సాధారణ వాక్యము. చదువుకొన్నవారు దీనిని మూఢనమ్మకమని త్రోసివేయుట కలదు. అది న్యాయము కాదు. ఈ మాటలో సగము నిజమున్నది. ముందుగా ఆ సగమును గ్రహింతము.

నీటితో చల్లబరచు కారు ఇంజనులో థర్మోస్టాటు అను కవాటముండును. వెలుపల చలియైనను ఎండయైనను అది నీటి ఉష్ణోగ్రతను ఇంచుమించు ఒకే స్థాయిలో నిలుపును. గాలితో చల్లబడు మోటారుసైకిలుకు అట్టి కాపలాదారు లేడు. సిలిండరు చుట్టునున్న లోహపు రెక్కలు వేడిని గాలికి వదలుటయే దాని శీతలీకరణము. రెక్కల నుండి పోవు వేడి వాటి ఉష్ణోగ్రతకును గాలి ఉష్ణోగ్రతకును గల భేదముపై ఆధారపడును. న్యూటను శీతలీకరణ నియమమును చదివిన ఏ విద్యార్థియైనను ఇది చెప్పగలడు. ఇంజను పుట్టించు వేడి మారనప్పుడు ఆ భేదమును మారరాదు. కనుక గాలి 25 డిగ్రీల నుండి 45 డిగ్రీలకు పెరిగినచో ఇంజనును, దానిలోని నూనెయును కూడ ఇంచుమించు 20 డిగ్రీలు పైకి జరుగును. పైగా 45 డిగ్రీల గాలి 25 డిగ్రీల గాలికన్న నూటికి ఆరు వంతులు పలుచన. కావున వేడిని మోసికొనిపోవు శక్తియు దానికి కొంత తక్కువ.

ఈ 20 డిగ్రీలు నూనెకు ఎంత మాత్రమో లెక్క వేయవచ్చును. 100 డిగ్రీల వద్ద 10.7 సెంటీస్టోకుల స్నిగ్ధత, 40 డిగ్రీల వద్ద 70 సెంటీస్టోకుల స్నిగ్ధత గల 10డబ్ల్యు30 రకపు నూనెను తీసికొందము. వాల్తర్ సూత్రము ననుసరించి 120 డిగ్రీల వద్ద దాని స్నిగ్ధత సుమారు 7 సెంటీస్టోకులకు దిగును. 100 డిగ్రీల వద్ద 18.5, 40 డిగ్రీల వద్ద 160 సెంటీస్టోకులు గల 20డబ్ల్యు50 నూనె 120 డిగ్రీల వద్ద 11.6కు దిగును. అనగా 120 డిగ్రీలలో ఉన్న చిక్కని నూనె, 100 డిగ్రీలలో ఉన్న పలుచని నూనెకు ఇంచుమించు సమానము. ఇరువది డిగ్రీల వేడి రెండు గ్రేడుల చిక్కదనమును తినివేసినది! మెకానిక్కు సూత్రములు చదువకయే ఈ సంగతిని చేతివ్రేళ్లతో కనుగొన్నాడు. అంతవరకు అతనికి నమస్కారము.

ఇక రెండవ సగము. ఎండ ఎక్కువ గనుక అన్ని బండ్లకును చిక్కని నూనెయే కావలెనన్న నిర్ణయము నిలువదు. ఒకే ఊరిలో, ఒకే చెట్టుక్రింద నిలిపిన రెండు బండ్లను చూడుడు. ఒకటి 97 ఘన సెంటీమీటర్ల హీరో స్ప్లెండర్. దానికి తయారీదారు ఇటీవలి చేతిపుస్తకములలో చెప్పునది 10డబ్ల్యు30. రెండవది బజాజ్ పల్సర్ 150. దానికి చెప్పునది 20డబ్ల్యు50. రెండును గాలితో చల్లబడునవే, రెండును మన దేశపు ఎండల కొరకు తయారైనవే. సూర్యుడొక్కడే, నూనెలు రెండు. కనుక నూనెను నిర్ణయించునది ఎండ ఒక్కటియే కాదని తేలుచున్నది. మొదటిది సుమారు 8 అశ్వశక్తుల ఇంజను, రెండవది సుమారు 14 అశ్వశక్తులది. శక్తి పెరిగినకొలది వదలవలసిన వేడియు పెరుగును. బేరింగులలోని సందులు, పంపు సామర్థ్యము, నూనెదారుల వెడల్పు ఇంజను ఇంజనుకు వేరు. ఈ లెక్కలన్నియు కట్టి తయారీదారు గ్రేడును నిర్ణయించును. ఆ లెక్కలో మన వేసవి మొదటనే చేరియున్నది. దానిని మరల ఒకసారి కలుపుట, కూర వండినవారు ఉప్పు వేసిన పిదప వడ్డించువారు మరల ఉప్పు వేయుట వంటిది.

చిక్కని నూనె ఇంజనును చల్లగా ఉంచునన్నది మరియొక నమ్మకము. ఇది తలక్రిందులైన మాట. ద్రవము చిక్కనైనకొలది దాని పొరలు ఒకదానిపై ఒకటి జరుగుటకు పని ఎక్కువ కావలెను. ఆ పని పెట్రోలు నుండి వచ్చి వేడిగా మారును. అంతేకాక నూనె కందెన మాత్రమే కాదు, వేడిని మోయు కూలి కూడ. పిస్టను అడుగున చిమ్మబడి, అచ్చటి వేడిని తీసికొని, క్రిందికి జారి ఇంజను గోడలకు అప్పగించును. మందముగా కదలు కూలి తక్కువ బరువులు మోయును. మన ప్రాంతపు డిసెంబరు ఉదయమున, 15 డిగ్రీల చలిలో, పై లెక్కలోని 20డబ్ల్యు50 స్నిగ్ధత సుమారు 700 సెంటీస్టోకులు, 10డబ్ల్యు30 స్నిగ్ధత సుమారు 260. బడికి పోవు తొందరలో కిక్కు కొట్టి వెంటనే లాగు బండిలో ఆ మొదటి నిమిషములందు ఏ నూనె తలభాగమునకు ముందుగా చేరునో వేరుగా చెప్పనక్కరలేదు.

మరి మెకానిక్కు అనుభవము అబద్ధమా? కాదు. అరిగిపోయి సందులు పెరిగిన పాత ఇంజనులో చిక్కని నూనె చప్పుడును, పొగను తగ్గించును. పాత ఇనుప సిలిండరు బుల్లెట్టుకు 20డబ్ల్యు50 సరియైన నూనెయే. పొరపాటు అనుభవములో లేదు. ఒక రకపు బండిపై కలిగిన అనుభవమును అన్ని బండ్లకు చట్టముగా చేయుటలో నున్నది.

రెండవ సలహాదారు డబ్బా. దానిపై అంకెలను వాడు పద్ధతి అమెరికాలోని ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘముది. మొదటి వర్గీకరణ 1911లో వెలువడినది. నేటి ప్రమాణమునకు జె300 అని పేరు. ఇందులో విమర్శింపదగిన అంశములు మూడు కలవు.

మొదటిది, 30, 50 అనునవి కొలతలు కావు, తరగతుల పేర్లు. 100 డిగ్రీల వద్ద 9.3 నుండి 12.5 సెంటీస్టోకుల లోపు నున్న నూనెకు 30 అనియు, 12.5 నుండి 16.3 లోపు దానికి 40 అనియు, 16.3 నుండి 21.9 లోపు దానికి 50 అనియు పేరు. పదవ తరగతి పిల్లవాడు ఐదవ తరగతి పిల్లవానికన్న రెండింతలు పొడవు కానట్లే, 50 అను నూనె 25 అను దానికి రెండింతలు చిక్కన అనుకొనరాదు. 12.4 ఉన్న 30కిని 12.6 ఉన్న 40కిని భేదము స్వల్పము, 12.6 ఉన్న 40కిని 16.2 ఉన్న 40కిని భేదము చాల ఎక్కువ. డబ్బా మాత్రము మొదటి జంటను వేరు జాతులుగాను, రెండవ జంటను కవలలుగాను చూపును.

రెండవది, డబ్ల్యు అక్షరము. పలువురు దీనిని బరువునకు గుర్తనుకొందురు. అది శీతకాలమునకు గుర్తు. 20డబ్ల్యు అను పేరు పొందుటకు సున్నకు దిగువ 15 డిగ్రీల వద్దను, 10డబ్ల్యుకు సున్నకు దిగువ 25 డిగ్రీల వద్దను ఇంజను తిరుగుటకు నూనె అడ్డుపడరాదు. నీరు గడ్డకట్టు చలినైనను ఎరుగని నల్లగొండకు ఈ పరీక్షతో నేరుగా ప్రయోజనము లేదు. అయినను డబ్బాపై మొదట పెద్దదిగా కనిపించునది ఆ అంకెయే.

మూడవది అన్నిటికన్న ముఖ్యము. 100 డిగ్రీల పరీక్షలో నూనె సన్నని గొట్టములో తన బరువుచే తాను మెల్లగా జారును. బేరింగులో నూనె అట్లుండదు. సన్నని పొరగా నలిగి, విపరీత వేగమున కోతకు గురియగును. ఈ స్థితిని అనుకరించుటకు 150 డిగ్రీల వద్ద, అధిక కోతవేగమున మరియొక పరీక్ష కలదు. దానిలో 30 గ్రేడునకు కావలసిన కనీసపు స్నిగ్ధత 2.9 సెంటీపాయిజులు, 50 గ్రేడునకు 3.7. పేర్లలో కనిపించినంత ఎడము పనిలో కనిపించుట లేదు. ఇంజనును నిజముగా కాపాడు ఈ అంకె జె300లో ఉన్నది, డబ్బాపై లేదు! పైగా మన మోటారుసైకిళ్లలో గేరులు కూడ ఆ నూనెలోనే తిరుగును. బహుగ్రేడు నూనెలో చిక్కదనము నిలుపుటకు కలిపిన పొడవాటి పాలిమరు అణువులను గేరుపండ్లు తునకలు చేయును. కొన్నవేళ 50గా ఉన్నది కొంతకాలమునకు 40 తరగతిలోనికి జారవచ్చును.

డబ్బాపై శ్రద్ధతో చదువవలసినవి వేరే అక్షరములున్నవి. క్లచ్చు ప్లేట్లు నూనెలో మునిగియుండు మోటారుసైకిలుకు జపాను ప్రమాణమైన జాసో ‘ఎం.ఎ.’ లేక ‘ఎం.ఎ.2’ గుర్తు అవసరము. స్కూటరుల కొరకైన ‘ఎం.బి.’ నూనె, ఘర్షణ తగ్గించు మందులు కలిపిన కారు నూనె పోసినచో క్లచ్చు జారవచ్చును. కొనువాడు 50 కొరకు వెదకి ఈ రెండక్షరములను విడిచిపెట్టుట విచారకరము.

ఇక మూడవ సలహాదారు మన పాఠము. ఎన్.సి.ఇ.ఆర్.టి. పదకొండవ తరగతి భౌతికశాస్త్ర పుస్తకములో ద్రవముల స్నిగ్ధతల పట్టిక ఒకటి గలదు. యంత్రపు నూనెకు 16 డిగ్రీల వద్ద 113, 38 డిగ్రీల వద్ద 34 అని రెండు విలువలను అది చూపును. ఇది మెచ్చదగినది, 22 డిగ్రీలకే స్నిగ్ధత మూడవ వంతుకు లోబడినదని ఒక్క చూపులో తెలియును. కాని నూనె పని చేయునది 38 డిగ్రీల వద్ద కాదు, 100 డిగ్రీల దరిదాపులలో. పట్టిక బండి స్టార్టు కాకముందే ఆగిపోయినది. ఉపాధ్యాయులమైన మనము తేనె, ఆముదము అను రెండు ఉదాహరణలతో పాఠము ముగించి, స్టోక్సు సూత్రమును కంఠస్థము చేయించి, అదే పిల్లవాడు సాయంకాలము తండ్రి బండికి నూనె పోయించునపుడు అతనిని వట్టి చేతులతో పంపుచున్నాము. పాఠమునకును షెడ్డునకును మధ్య వంతెన కట్టకపోవుట పుస్తకము దోషము మాత్రమే కాదు.

అయినచో మన ప్రాంతపు ఇంజనులకు నిజమైన ప్రమాదమెక్కడ? సాగరు ఎడమ కాలువ క్రింది మడిగట్లపై తిరుగు బండ్ల రెక్కల మధ్య బురద ఎండి గట్టిపడును. మట్టి వేడిని సరిగా పోనీయదు. ఇంజనుకు దుప్పటి కప్పినట్లగును. మన్ననూరు దాటి దోమలపెంట మీదుగా శ్రీశైలము పోవు నల్లమల దారిలో ఇద్దరు మనుషులు, సామానుతో మొదటి, రెండవ గేరులలో ఎక్కునపుడు ఇంజను బలముగా కాలును, గాలి మాత్రము మెల్లగా వీచును. అన్నిటికి మించినది నూనె మట్టము. లీటరు పట్టు ఇంజనులో 200 మిల్లీలీటర్లు తగ్గినచో, మిగిలిన నూనె ఆ వేడినే మోయుచు మరింత తరచుగా తిరుగవలెను. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారియు నూనె ఆక్సీకరణము ఇంచుమించు రెట్టింపగునని రసాయనశాస్త్రపు స్థూలనియమము. గ్రేడు కొరకు వాదించుచు మట్టము చూడనివాడు, ఎద్దుకు గంటలు కట్టి నీరు పెట్టనివాని వంటివాడు.

కనుక చేయదగినది సులభము. చేతిపుస్తకము చెప్పిన గ్రేడునే వాడవలెను. పుస్తకము ఒకటికన్న ఎక్కువ గ్రేడులకు అనుమతి ఇచ్చినచో, భారపు పనికి, వేసవికి వానిలో చిక్కనిదానిని ఎన్నుకొనవచ్చును. వారమునకొకమారు మట్టము చూడవలెను. చల్లబడిన ఇంజను రెక్కలను శుభ్రము చేయవలెను. ఘాటులో నడుమ నడుమ నిలుపవలెను. ముద్ర విప్పిన డబ్బాలోని నూనె కొనరాదు.

ఉన్నత పాఠశాలలో దీనికి తగిన ప్రయోగమొకటి గలదు. సూదిలేని 20 మిల్లీలీటర్ల సిరంజి గొట్టమును నిలువుగా బిగించి, ఇంజను నూనె నింపి, 10 మిల్లీలీటర్లు కారుటకు పట్టు కాలమును గడియారముతో కొలువుడు. ఒకసారి 30 డిగ్రీల నూనెతో, మరియొకసారి వేడినీటి గిన్నెలో నిలిపి 60 డిగ్రీలకు తెచ్చిన నూనెతో చేయుడు. నూనెను నేరుగా మంటపై పెట్టరాదు. 20డబ్ల్యు50 నూనెకు రెండవ కాలము మొదటిదానిలో నాలుగవ వంతు దరిదాపులకు రావలెను. పిదప 10డబ్ల్యు30తో అదే చేసి, రెండింటి అంకెలను గీతపటముపై గుర్తింపుడు. రెండు వక్రరేఖలును వేడివైపు పోయినకొలది ఒకదానికొకటి చేరువగుట విద్యార్థులు తమ కన్నులతో చూతురు. ఆ పటమును ఊరి మెకానిక్కుకు చూపుట కూడ మంచిది. అతని అనుభవమునకు మన కొలత, మన కొలతకు అతని అనుభవము తోడైనచో ఇద్దరికిని లాభము.