యాసిడ్‌లో పల్లెటూరు

మా మన్సూరాబాద్‌లో, మా వరసలోనే నాలుగో ఇంటి కారు షెడ్డుని ఓ అమ్మాయి అద్దెకి తీసుకుంది. మర్నాడే లోపలికి ఓ ఇనప యంత్రం దిగింది. పెద్ద చక్రం, రెండు రోలర్లూను. "చెరుకురసం దుకాణం కాబోలు, ఎండాకాలం బాగానే నడుస్తుంది" అన్నారు మావారు. చెప్పొద్దూ, నేనూ అలాగే అనుకున్నాను. తీరా వెళ్లి చూస్తే అది బొమ్మలు అచ్చువేసే ప్రెస్సు!

"ఎచింగ్ అంటారు ఆంటీ" అంది. జింకు రేకుకి మైనం పూత పూసి, దానిమీద సూదితో గీసి, నీళ్లు కలిపిన నైట్రిక్ యాసిడ్‌లో ముంచుతారట. సూది గీసినచోట యాసిడ్ రేకుని తినేస్తుంది. పూత తీసేసి, ఆ గాట్లలో సిరా కూరి, పైది గుడ్డతో తుడిచి, తడి కాగితం పరిచి రోలర్ల మధ్య నడిపితే బొమ్మ కుడి ఎడమై పడుతుంది. ఎంతసేపు నాననిస్తే గీత అంత నలుపు.

గోడమీద ఇద్దరి బొమ్మలు అంటించుకుంది. ఒకరు చిత్తూరు జిల్లాలో 1925లో పుట్టి, పారిస్ చేరి, చిక్కదనం వేరువేరుగా ఉన్న సిరాలతో ఒకే రేకు మీంచి రంగులన్నీ తీసే పద్ధతికి పేరుపడ్డ కృష్ణారెడ్డి. రెండోవారు లక్ష్మాగౌడ్. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, హైదరాబాదులోనూ, ఆ తర్వాత బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గరా చదువుకున్నారు. 2016లో పద్మశ్రీ వచ్చింది. ఆయన బొమ్మల పుస్తకం అడిగి ఇంటికి తెచ్చుకున్నాను.

తెచ్చుకున్నాను గానీ, నాలుగు పేజీలు తిప్పేసరికి ఠక్కున మూసేశాను. మావారు సరిగ్గా అప్పుడే కాఫీకి వచ్చారు మరి! గుడిసెలు, మేకలు, తలపాగాల మగవాళ్లు, పెద్ద బొట్ల ఆడవాళ్లు, అంతవరకూ బాగానే ఉంది. 1970 ప్రాంతపు ఎచింగుల్లో మాత్రం మనుషులూ మేకలూ చెట్లూ ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొచ్చినట్టుంటాయి. ఒంటిమీద బట్టల మాట అడక్కండి.

మధ్యాహ్నం ఇల్లు ఖాళీ అయ్యాక మళ్లీ తెరిచాను. ఈసారి సిగ్గు కాస్త తగ్గి, గీత కనిపించింది. వెంట్రుకంత సన్నటి గీత. దాన్ని చూస్తూంటే మా ఊరు గుర్తుకొచ్చింది. నేను పిల్లలకి చెప్పే ఊరు కాదు సుమండీ. పిల్లలకి చెప్పేది బతుకమ్మ, దసరాకి పాలపిట్ట, తాటిముంజలు. మగవాళ్లు లేనప్పుడు బావి దగ్గర ఆడవాళ్లు పకపకా నవ్వుకున్న మోటు సరసాలూ, మా అమ్మ నన్ను లోపలికి లాగి తలుపేసిన సాయంత్రాలూ ఎవరికీ చెప్పలేదు. లక్ష్మాగౌడ్‌ది ఆ రెండో ఊరు. ఆయన ఊరిని కడిగి తుడిచి కాలెండరు మీదికి ఎక్కించలేదు. నాకు అదే నచ్చింది.

నచ్చని సంగతి ఒకటుంది. నేను చూసినంతలో ఆయన ఆడవాళ్లకి కోరిక ఉంది, పొగరుంది. అలసట లేదు. నాట్లకి వెళ్లొచ్చి, కట్టెలపొయ్యి ఊది, చంటిదాన్ని పక్కలో వేసుకుని నోరు తెరుచుకుని నిద్రపోయే మనిషి ఆ మేకల పక్కన నాకెక్కడా దొరకలేదు. ఊళ్లో తిరిగే కుర్రాడి కంటికి ఆవిడ పడి ఉండదు.

మరి మా వీధి అమ్మాయి కంటికో? కొత్త షెడ్డులో తీసిన మొదటి బొమ్మ చూపించింది. వాళ్ల నానమ్మ విసుర్రాయి ముందు కూర్చుంది. ముద్దుగానే ఉంది, గ్రీటింగ్ కార్డులా. "చేతులు మరీ ఇంత నున్నగా ఉన్నాయేం?" అన్నాను.

"యాసిడ్ వాసనకి ఇంటివాళ్లు గొడవ చేస్తున్నారు ఆంటీ. భయపడి ముందే తీసేశా" అంది. కాసేపాగి, "అది కూడా కాదులెండి. చివర్లో నానమ్మ వేళ్లన్నీ వంకర్లు పోయాయి. అలా గీస్తే నాన్న బాధపడతారని" అంది.

ఆ ఒక్క చోటే రేకు మీద ఏమీ జరగలేదు. పక్కనున్న విసుర్రాయి గాట్లు మాత్రం ఎంత చక్కగా పడ్డాయో! అదే చెప్పాను. మొహం చిన్నబుచ్చుకుంది పాపం. మూణ్ణెల్ల అద్దె ముందే కట్టేసిందట, ఒక్క బొమ్మా అమ్ముడుపోలేదు.

"మా డాబా మీద గాలి బాగా ఆడుతుంది, యాసిడ్ తొట్టి అక్కడ పెట్టుకో" అన్నాను. మావారితో ఇంకా చెప్పలేదు. ఆదివారం కొత్త రేకు తెస్తానంది. ముందు వేళ్ల కణుపులే గీస్తుందట.