స్టీరింగ్ సీటుకు ఒక తల్లి అభ్యంతరం

ఈ కాలమ్‌కి ఈ వారం సంతోషం కలిగించిన కబురు ఒకటుంది. కొరియర్ వ్యాన్ నడుపుకుంటున్న ఇరవై ఏడేళ్ల కుర్రాడొకడు, డిగ్రీ చదివినవాడు, హైదరాబాద్‌లో సిటీ బస్సు నడపాలని ఉందన్నాడు. వేరే దారి లేక అన్న మాట కాదది. మెహిదీపట్నం నుంచి సికింద్రాబాద్ పోయే 49ఎం ఎక్కితే, డ్రైవర్ చేతులు కనపడే చోటు వెతుక్కుని నిలబడే మనిషి అతను. వాళ్లమ్మ మాత్రం ససేమిరా అంటోంది. "పొద్దస్తమానం కూర్చునే కొలువు, ఒళ్లు గుల్లయిపోతుంది. అంత బస్సే కావాలంటే కండక్టర్‌గా పోరా" అని ఆమె పట్టు.

ఈ శీర్షిక చదివేవాళ్లకు ఇక్కడి మొండితనం కొత్త కాదు. దర్జీ కుట్టే కాజాల గురించి రాసినా, మోటారు చప్పుడు విని జబ్బు చెప్పే బోరు మెకానిక్ గురించి రాసినా తేల్చింది ఒకటే: పనితనం చేతిలో ఉన్నవాళ్లను చదువు అబ్బనివాళ్లుగా చూడటం మన ఇళ్లలో ఇకనైనా ఆగాలి. కాబట్టి కుర్రాడికి మొదటి సలహా వెంటనే దొరికింది. వెళ్లు, నడుపు.

అలా అనడానికి కారణాలు గట్టివే. కారుకి అలవాటైన చేతికి బస్సు ఓ పట్టాన లొంగదు. ముందు చక్రాలు డ్రైవర్ కాళ్ల కిందో, ఇంకాస్త వెనకో ఉంటాయి. అందుకని మలుపులో బస్సు మూతి బాగా ముందుకు పోయాకే స్టీరింగ్ తిప్పాలి. తొందరపడితే వెనక చక్రం లోపలికి కోసుకొచ్చి ఫుట్‌పాత్ ఎక్కుతుంది, లేదంటే సందు చూసుకుని దూరిన బైకు మీదికి వస్తుంది. ఎడమ మూలన బస్సును ఆనుకుని నడిచే మనిషి అద్దంలో పడకపోవచ్చు. నిలబడ్డవాళ్లు తూలకుండా ఉండాలంటే బ్రేకు మీద కాలు మెత్తగా పడాలి. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక నిలబడేవాళ్లు పెరిగారు, ఆ బరువూ బ్రేకు మీదే. పాత బస్సుల్లో ఇంజన్ పక్కనే ఉంటుంది గనక మే నెలలో ఎడమ మోకాలికి సెగ తగులుతూనే ఉంటుంది. ఇంత చేశాక డిపోలో కేఎంపీఎల్ లెక్క ఉండనే ఉంది: లీటరు డీజిల్‌కి ఎన్ని కిలోమీటర్లు లాగాడని. ఎర్ర సిగ్నల్‌ను దూరం నుంచే చూసి యాక్సిలరేటర్ వదిలే డ్రైవరుకీ, చివరిదాకా తొక్కి బ్రేకు కొట్టే డ్రైవరుకీ తేడా అక్కడ అంకెల్లో తేలిపోతుంది.

నల్గొండ ప్రాంతపు తండాలో పుట్టిన వాంకుడోతు సరిత ఆటో నడపడంతో మొదలుపెట్టి, 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో తొలి మహిళా బస్సు డ్రైవర్ అయింది. పనితనమంటే ఏమిటో అడిగేవాళ్లకు ఆమె దారి చాలు.

ఇక తల్లి మాట. కొట్టిపారేద్దామని మొదలుపెడితే అది లండన్ దాకా తీసుకుపోయింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ గుండెజబ్బులు ఎందుకు పెరుగుతున్నాయో అంతుపట్టని రోజుల్లో, జెర్రీ మోరిస్ అనే వైద్యుడు రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించాడు. డ్రైవరూ కండక్టరూ ఒకే బస్సులో, ఒకే ఊళ్లో పనిచేస్తారు. ఒకరు డ్యూటీలో దాదాపు అంతసేపూ కూర్చునే ఉంటారు, మరొకరు టికెట్లు కొడుతూ రోజుకి కొన్ని వందల మెట్లు ఎక్కి దిగుతారు. సుమారు 31 వేల మంది వివరాలతో 1953లో 'లాన్సెట్' పత్రికలో ఫలితం వచ్చింది. కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ. వచ్చినా హఠాత్తుగా ప్రాణం తీయడం తక్కువ. ఒంటికి పని చెప్పడానికీ గుండె ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద తర్వాత ప్రపంచమంతటా జరిగిన పరిశోధనకు ఆ బస్సు మెట్లే పునాది. ఆ తల్లికి 'లాన్సెట్' అక్కర్లేకపోయింది.

మోరిస్ అక్కడితో తృప్తిపడలేదు. సంస్థ కుట్టించి ఇచ్చే యూనిఫాం కొలతలు తెప్పించి చూశాడు. డ్రైవర్ల ప్యాంటు నడుము కొలత కండక్టర్ల కంటే ఎక్కువ, అదీ ఉద్యోగంలో చేరిన కొత్తలోనే, చిన్న వయసులోనే. అంటే సీటు ఒక్కటే దోషి కాదు, ఆ సీటుకి వచ్చే మనుషుల్లోనే ముందునుంచీ కొంత తేడా ఉంది. 1956లో ఆ సంగతి కూడా తనే అచ్చువేశాడు. తన ఫలితానికే ఎసరుపెట్టే లెక్కను వెతికి బయటపెట్టిన ఆ నిజాయితీకి ఈ కాలమ్ మనసారా దండం పెడుతుంది. మోరిస్ 99 ఏళ్లు బతికాడు.

హైదరాబాద్‌కి ఈ లెక్క యథాతథంగా వర్తించదు. సికింద్రాబాద్ నుంచి జూపార్కుకి తిరిగిన 7జెడ్ డబుల్ డెక్కర్లు రోడ్డెక్కడం మానేసి ఇరవై ఏళ్లు దాటింది. మెట్లు లేవు. పొద్దున తొమ్మిదింటి రద్దీలో కండక్టర్ కూడా అడుగు తీసి అడుగు వేయలేడు. అయినా తల్లి భయంలో సగం నిజమే. 2025 దాకా అమల్లో ఉన్న మోటారు రవాణా కార్మికుల చట్టం 1961 ప్రకారం పని రోజుకి 8 గంటలే, కానీ మధ్య విరామాలతో కలిపి డ్యూటీ 12 గంటల దాకా సాగే వీలుండేది. ఆ విరామంలో నడుం వాల్చడానికి చోటూ, శుభ్రమైన మరుగుదొడ్డీ ప్రతి టెర్మినల్‌లోనూ ఉంటే తల్లి వాదన చాలా తేలికపడేది.

ఆమె తెలిసి అన్నదో తెలియక అన్నదో గానీ, కండక్టర్‌గా పొమ్మనడంలో ఇంకో పెద్ద సంగతి ఉంది. 1932లో 27 బస్సులు, 166 మంది సిబ్బందితో నిజాం రాజ్యంలో మొదలైన సర్వీసులో బస్సూ డ్రైవరూ ప్రభుత్వానివే. తర్వాత అద్దె బస్సులు వచ్చాయి. ఇప్పుడు ఎలక్ట్రిక్ బస్సులు వస్తున్నాయి. వీటిని కిలోమీటరుకింత అని చెల్లించి నడిపిస్తారు. బస్సు ప్రైవేటు కంపెనీది, డ్రైవరూ ఆ కంపెనీ మనిషే. కండక్టర్ మాత్రం ఆర్టీసీ ఉద్యోగి. ఒకే బస్సులో ఎక్కువ ప్రాణాల బరువు మోసే మనిషికే తక్కువ భద్రత. పొగ లేని బస్సు ఊరికి కావాలి, అందులో రెండో మాట లేదు. కానీ దాన్ని నడిపే మనిషిని సంస్థ జీతపు పట్టీలోంచి తప్పించాల్సిన అవసరం మాత్రం లేదు.

కాబట్టి మొదట ఇచ్చిన సలహా ఇప్పుడు నిలవదు. కంపెనీ కాంట్రాక్టు సీటు కోసమైతే వ్యాన్ వదలొద్దని చెప్పాల్సి వచ్చింది. సంస్థ సొంత పోస్టయితే వేరు. 2025లో తెలంగాణ ఆర్టీసీ ఉద్యోగాలకు వచ్చిన నోటిఫికేషన్‌లో 1,000 డ్రైవర్ పోస్టులు, 743 శ్రామిక్ (వర్క్‌షాపు పనివాళ్ల) పోస్టులు ఉన్నాయి. డ్రైవర్ స్కేలు 20,960 రూపాయల నుంచి 60,080 దాకా. కండక్టర్ పోస్టు ఒక్కటీ లేదు, తల్లి చెప్పిన దారి అందులో మూసుకునే ఉంది. కుర్రాడి దగ్గర అప్పటికి హెవీ లైసెన్సు లేదు. ఇప్పుడు తెల్లవారుజామున డ్రైవింగ్ స్కూల్ లారీ మీద నేర్చుకుని, తర్వాత వ్యాన్ ఎక్కుతున్నాడు. ఆ నోటిఫికేషన్‌లో డ్రైవర్లకు వయోపరిమితి 35. ఆలోగా ఇలాంటిదింకొకటి వస్తుందని అతని లెక్క, దరఖాస్తు పెట్టడానికి మాత్రం తల్లి ఒప్పుకుంది.