కర్మాగార శిక్షణ - దాని ఫలము

వేడినూనెను నీటితో చల్లార్చే పరికరాన్ని గురించి తొలి పాఠంలో లెక్క కట్టేటప్పుడు గొట్టాలు శుభ్రంగా ఉన్నట్లే భావిస్తారు. కర్మాగారంలో అట్లా ఉండదు. నీటిలోని లవణాలు గొట్టాల గోడలకు పొరగా పట్టి, వేడిని సులువుగా దాటనివ్వవు. అందుకే నిర్మాతలు గొట్టాల వైశాల్యాన్ని ముందుగానే కొంత పెంచుతారు. లెక్కకూ లోహానికీ నడుమనున్న ఈ తేడా కంటబడటమే ఇంజనీరింగు విద్యార్థికి శిక్షణవల్ల కలిగే నిజమైన లాభం.

1906లో అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ 27 మంది విద్యార్థులతో ఒక పద్ధతి ప్రారంభించాడు. జంటలో ఒకడు తరగతిలో ఉంటే రెండవవాడు కర్మాగారంలో ఉండేవాడు. మరుసటి వారం తారుమారు. అందువల్ల చూచినది మరపునకు రాకముందే ప్రశ్నగా మారి తరగతికి చేరే వీలుండేది.

మన దేశంలో అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2018 నాటి నమూనా పాఠ్యప్రణాళికలో ఇంటర్న్‌షిప్పుకు చోటిచ్చింది. మంచిదే. కాని నాలుగు రోజులు యంత్రాలను చూచి, పాత నివేదికను తిరగవ్రాసి, సర్టిఫికెట్టు తెచ్చుకొంటే ఫలమేమి? తిరిగివచ్చిన విద్యార్థిని "పుస్తకంతో ఎక్కడ పొసగలేదు?" అని అడిగే అధ్యాపకుడు ఉన్నప్పుడే ఆ శిక్షణ చదువవుతుంది.