గెడ పట్టిన చేయి

చోడవరం నుంచి వారం రోజులు పిట్టల వేటకి (కెమెరాతోనే లెండి) బయల్దేరితే దారి రెండుగా చీలుతుంది. పైకెళ్తే మాడుగుల ఘాటీ, పాడేరు, లంబసింగి అడవులు. కిందికొస్తే అనకాపల్లి దాటాక కొండకర్ల ఆవ అనే సరస్సు. అడవి గొప్పదే, కాదనను. నా ఓటు మాత్రం ఆవలో దోనె నడిపేవాళ్లకే.

తొలిచిన తాటి మొద్దులు రెండు పక్కపక్కన కట్టిన దోనె అది. పనితనమంతా గెడ దగ్గరే ఉంది. దోనె నడిపే ఆయన దాన్ని అడుగు బురదలోకి నొక్కి, తీసేటప్పుడు కాస్త మెలితిప్పుతాడు. బురద పట్టు వదులుతుంది, నీళ్లు చిందవు. దోనె పక్కకి జారి, ఎండ మన వీపున పడేలా నిలుస్తుంది. ఎదురుగా ఎర్రముక్కు నీలికోడి, తూటికాడల మధ్య తాపీగా మేస్తూ. ఇంకాస్త అవతల, బారెడు వేళ్లు పరిచి తామరాకుల మీద నడిచే జకానా. దాని గుడ్లు పొదిగేది మగదేనని నా పుస్తక జ్ఞానం ఒలకబోస్తే ఆయన నవ్వేశాడు.

"మాకు తెల్దేటి బాబూ!"

నత్తగొట్టు కొంగ ఎక్కడ వాలుతుందో కూడా ముందే చెప్పాడు. మెడలో లక్షల కెమెరా వేలాడేసుకుని, ఇలాంటివాళ్ల దగ్గర యాభై రూపాయలకి బేరమాడేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.