పీఠిక: ఆడపడుచు కూర్చిన వంశచరిత్ర

వంశకీర్తనకు మన కావ్యావతారికలలో చిరకాలంగా గౌరవాసనం ఉన్నది. మనుచరిత్రారంభంలో పెద్దన చంద్రుని స్మరించి, బుధ పురూరవ యయాతి తుర్వసుల మీదుగా, తిమ్మరాజు, ఈశ్వరరాజు, నరసరాజులను కీర్తిస్తూ కృష్ణరాయల సన్నిధికి మనలను తోడ్కొనివస్తాడు. రాజులకు అట్టి మహాకవులు లభించారు. కాపు కుటుంబాల గోత్రనామాలను పిచ్చిగుంట్లవారు కంఠస్థం చేసి తరతరాలుగా నిలిపారు. గ్రామవృత్తాంతాలు అనేకం కాలిన్ మెకంజీ, ఆయన కొలువులోని కావలి సోదరుల పూనికవల్ల కైఫీయతులకెక్కాయి. కోనసీమలో కొద్దిపాటి ఇనాం మాన్యం మీద బతికిన ఒక వైదిక కుటుంబం మాత్రం తన చరిత్రను తానే వెదకికొనవలసి వచ్చింది. ఆ పనికి పూనుకొన్నది ఆ ఇంటి ఆడపడుచు కావడం నాకు మిక్కిలి సంతోషకరం.

వివాహంతో గోత్రం మారిన కూతురికి పుట్టినింటి వంశవృక్షంలో చోటివ్వడం మనవారికి అలవాటు లేదు. తర్పణవేళ పితృ పితామహ ప్రపితామహులతోపాటు మాతృ పితామహీ ప్రపితామహులను, మాతామహ వర్గాన్ని సైతం పేరుపేరునా తలచుకొనే కర్తలే, కాగితం దగ్గరికి వచ్చేసరికి స్త్రీలను ఎందుకు విస్మరిస్తారో నాకు నేటికీ అంతుపట్టదు. ఈ గ్రంథకర్త్రి కోడళ్ల పుట్టిళ్లను, కూతుళ్ల మెట్టినిళ్లను, బాల్యంలోనే వైధవ్యం పొంది పుట్టింటనే కాలం వెళ్లబుచ్చినవారిని కూడ తరంవారీగా చేర్చింది. రెండు శాఖల మధ్య మేనరికాల చిక్కు విడివడినది ఆ పేర్ల ఆధారంతోనే.

ఆమె పరిశ్రమకు ఒక్క నిదర్శనం చాలు. ఇంట దొరికిన తాటాకు జాతకంలో మూలపురుషుడు రాక్షస నామ సంవత్సరంలో జన్మించినట్లున్నది కాని, శకసంఖ్య ఉన్న భాగం శిథిలమైపోయింది. అరువదేండ్లకు తిరిగివచ్చే పేరు గనుక అది 1795 కావచ్చు, 1855 కావచ్చు; తాత పేరు మనుమనికి పెట్టే ఇండ్లలో ఈ చిక్కు మరీ జటిలం. 1858లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఏర్పడిన ఇనాం కమిషన్ వారి ఫెయిర్ రిజిస్టరులో అదే వ్యక్తి, అదే మాన్యానికి అనుభవదారుగా, అరవై దాటిన వయస్సుతో కనబడేసరికి సందేహం తీరింది. ఫసలీకి 590 కలిపి క్రీస్తుశకం సాధించడం మొదలు పాత దస్తూరీ పోల్చుకొనడం వరకు, గురువు లేకుండా ఇదంతా నేర్చుకొనడం సామాన్యం కాదు.

తమ పూర్వులు విజయనగర మంత్రులని ఆ ఇంట ఒక వాడుక ఉన్నదట. ఆధారం దొరకనందున దానిని వృక్షంలోకి రానీయక, వినికిడి అన్న ప్రత్యేక ప్రకరణంలో ఉంచింది. బంధువులు కొందరు నొచ్చుకొనవచ్చు. నేను మాత్రం ఆమె పక్షమే.

దత్తత పోయిన ఒక శాఖ ఇందులో రెండు తరాలకే నిలిచిపోయింది. ఆ ఇంటివారి పెట్టెలలో దత్తత పత్రమో, పంపకాల కాగితమో ఉండకపోదు. రెండవ ముద్రణ లోపల దానిని వెదకి ఆమెకు చూపవలసిందిగా, ఈ పెద్దవాని మాటగా కోరుతున్నాను.